కంచాన్నే తిన్న పురుగులు

ఆమెను ల్యాబులో అందరూ ప్లేట్లక్క అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నవాళ్ళు క్యాంటీన్లో గిన్నెలు తోమే మనిషి అనుకుంటారు. ఆమె ఆడపడుచైతే ఇరవై రెండేళ్ళుగా అలాగే అనుకుంటోంది. "పాపం, మా వదిన ఆఫీసులో ప్లేట్లు చేస్తుంది" అని ఎవరడిగినా జాలిగా చెబుతుంది. మొదట్లో ప్లేట్లక్క విడమరిచి చెప్పేది. నోరు నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదని తర్వాత మానేసింది.

నిజానికి ఆ ప్లేట్లలో మనుషులెవరూ అన్నం తినరు. అరచేతంత వెడల్పుతో, మూతలున్న గుండ్రటి పల్చటి డబ్బాలు అవి. వాటిలో ఆమె జెల్లీ పోస్తుంది. ఊరి కుళాయిల్లోంచి పట్టుకొచ్చిన నీళ్ళు ఒక చుక్క ఆ జెల్లీ మీద పూసి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులు ఉంచుతారు. నీళ్ళలో బ్యాక్టీరియా ఉంటే చుక్కలు చుక్కలుగా పెరిగి కనబడుతుంది. ల్యాబులో బ్యాక్టీరియా అనే ఓపిక ఎవరికీ లేదు, పురుగులు అంటారు. ఊరు తాగే నీళ్ళు మంచివో కావో తేలేది ఆ జెల్లీ మీదే. ఆ సంగతి ఊరికి తెలియదు, తెలుసుకుందామన్న సరదా కూడా లేదు.

పోయడమంటే ఏదో ఒంపేసి చేతులు దులుపుకోవడం కాదు. జెల్లీ పొడి తూచి, నీళ్ళలో కలిపి, నడుమెత్తున్న కుక్కర్లో ఉడికించి, బయటికి తీశాక గాజు ఫ్లాస్కును మణికట్టుకు ఆనించి వేడి చూస్తుంది. మరీ వేడిగా పోస్తే మూతకు చెమట పడుతుంది. ఆలస్యమైతే ఫ్లాస్కులోనే గడ్డలు కడుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాసేపట్లో, ఒక్క బుడగ లేకుండా, నలభై ప్లేట్లు వరసగా పోసేస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్లేటు బాగా లేదని వెనక్కి రాలేదు. ఆమెకు ఇంట్లోగానీ బయటగానీ గర్వపడటానికి పెద్దగా ఏమీ లేదు, ఈ ఒక్కటీ ఉంది. అందుకే దాని జోలికొస్తే ఆమె ఊరుకోదు.

దాని జోలికే వచ్చారు.

ఆ ఏడు తుపాను పోయాక ఒడ్డు పొడుగునా సముద్రపు నాచు మోకాలెత్తు గుట్టలుగా వచ్చి పడింది. రెండు వారాలకు కంపు మొదలైంది. దాన్ని బళ్ళకెత్తించాలా, దానంతటదే కరిగిపోతుందా అని నగర కార్యాలయం వాళ్ళకు సందేహం వచ్చింది. నాచును తినే పురుగులు అందులో ఉన్నాయేమో చూసి చెప్పమని ల్యాబుకు రాశారు. ల్యాబుకు కుళాయి నీళ్ళ గురించి తప్ప మరేమీ తెలియదు. కానీ ల్యాబు ఆఫీసరుకు పైవాళ్ళు ఏది అడిగినా "తప్పకుండా సార్" అనడమే వచ్చు. ఒకప్పుడు ఈ మనిషే శిక్షణకు వచ్చి, ప్లేటు మూత ఎంత తెరవాలో తెలియక ప్లేట్లక్క వెనకాల తిరిగేవాడు. అప్పుడు "అక్కా, మీరు" అనేవాడు. కుర్చీ మారాక మీరు కాస్తా నువ్వయింది.

నాచు ముక్కల్ని సముద్రపు నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళను ప్లేట్ల మీద పూశారు. అక్కడి సముద్రం ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది. అందుకని వెచ్చటి పెట్టెలో కాకుండా చల్లటి బీరువాలో పెట్టారు. మూడు వారాల తర్వాత తీసి చూస్తే, అద్దంలా ఉండాల్సిన జెల్లీ నిండా గుంటలు. గుంటల్లో నీళ్ళు. కొన్ని ప్లేట్లు వంచితే జెల్లీ సగం జారిపోయింది.

"అక్కా, ఏంటిది? జెల్లీ గట్టిపడనే లేదు" అన్నాడు ఆఫీసరు, అందరి ముందూ.

"నేను పోసినప్పుడు గట్టిగానే ఉంది సార్. తలకిందులు చేసి పేర్చాను. గట్టిపడకపోతే అప్పుడే కారిపోయేది కదా?"

"మరి గుంటలు ఆకాశంలోంచి పడ్డాయా?"

"అదేదో మీరు చూసి చెప్పాలి సార్. పెద్ద చదువులు చదివింది మీరు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రానికల్లా మెమో వచ్చింది. ప్లేట్లు నాసిగా ఉన్నందువల్ల ముఖ్యమైన పరీక్ష చెడిపోయిందనీ, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ, ఇకమీదట తయారు ప్లేట్లు కంపెనీ నుంచి తెప్పించి, ఆమెను సీసాలు కడిగే గదికి మార్చే ఆలోచన ఉందనీ అందులో రాసి ఉంది. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. నాసి అన్న మాట దగ్గర మూడుసార్లూ ఒళ్ళు మండింది.

ప్లేట్ల మీద చుక్కలు లెక్కపెట్టే ఒకాయన ఉన్నాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. ఆయన్ను ఉండొచ్చు బాబాయి అంటారు. వాన పడుతుందా అంటే ఉండొచ్చు. జీతం పెరుగుతుందా అంటే ఉండొచ్చు. జీవితంలో ఏ విషయంలోనూ అవును, కాదు అని తేల్చి చెప్పి ఇరుక్కోలేదు.

"బాబాయ్, పూసింది నువ్వే కదా. పూసేటప్పుడు నా ప్లేట్లు మెత్తగా ఉన్నాయా?"

"అబ్బే."

"ఆ మాట సార్‌తో చెప్పొచ్చుగా?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "చెప్తే కోపమొచ్చే అవకాశం ఉండొచ్చమ్మా" అన్నాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయమనిపించింది ఆమెకు.

ఇంటికెళ్ళి మొగుడి ముందు కూర్చుంది. ఆయన వడ్రంగి. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. ఆమె చెప్పేదంతా ఆయన చిత్రిక పడుతూనే విన్నాడు, అది చూసి ఆమెకు ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

"వింటున్నారా అసలు?"

"వింటున్నానే. ఆ జెల్లీ దేంతో చేస్తారు?"

"పొడితో."

"పొడి దేంతో చేస్తారంటున్నా."

ఆమె ఇరవై రెండేళ్ళుగా టన్నుల కొద్దీ ఆ పొడి కలిపింది. అది ఎక్కడినుంచి వస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఉప్పు డబ్బా చూసి సముద్రాన్ని ఎవరు తలుచుకుంటారు?

"నువ్వు చెప్పేది వింటే చెద పట్టినట్టుంది" అన్నాడాయన, చెక్క మీది పొట్టు ఊదుతూ. "చెదపురుగుల్ని తెచ్చి టేకు బల్ల మీద పెట్టి, బల్ల చేసినవాడిని తిడితే ఎట్లా?"

మర్నాడు ఆమె వెళ్ళీ వెళ్ళగానే పొడి డబ్బా తిప్పి చూసింది. అడుగున, ధర పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: సముద్రపు ఎర్రనాచు నుంచి తీసినది.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాచు తినే పురుగుల్ని వెతకడానికి, నాచుతోనే చేసిన జెల్లీ మీద వాటిని కూర్చోబెట్టారు. ప్లేటు అని పేరు పెట్టుకున్నారు కాబట్టి, అది వడ్డించే కంచం అనుకున్నారంతా. తిండి వేరు, కంచం వేరు. కంచాన్ని తింటారని ఎవరనుకుంటారు?

డబ్బా పట్టుకొని బాబాయి దగ్గరికి పరిగెత్తింది. ఆయన అలమరలోంచి దుమ్ము పట్టిన లావుపాటి పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర తెరిచి, నెమ్మదిగా చదివి చెప్పాడు. నాచు ఒంట్లో ఉన్నది చాలామటుకు పిండిపదార్థమే. చక్కెర రేణువులు ఒకదానికొకటి తగులుకొని పొడుగాటి గొలుసులుగా ఉంటాయి. అంత గొలుసును మింగడానికి ఈ పురుగులకు నోరెక్కడిది? అందుకని ఒంట్లోంచి ఒక రసాన్ని బయటికి వదులుతాయి. ఆ రసం గొలుసును ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తుంది. అప్పుడా ముక్కల్ని లోపలికి లాక్కుంటాయి. జెల్లీని గట్టిగా పట్టి ఉంచేదీ అలాంటి గొలుసులే. అవి తెగితే జెల్లీ నీళ్ళవుతుంది.

"అంటే గుంటలు చేసింది అవే. అవునా బాబాయ్?"

"ఉండొచ్చు."

"మరి ఆ రోజే ఈ పుస్తకం ఎందుకు తీయలేదు నువ్వు?"

"నన్నెవరూ అడగలేదమ్మా."

ఆమె తల పట్టుకుంది. ఆఫీసరుకు డబ్బా చూపిస్తే, "నువ్వు ప్లేట్లు పోసుకో అక్కా, సైన్సు మాకు వదిలెయ్" అన్నాడు. సరే, కళ్ళకు కట్టినట్టు చూపిస్తే కాదంటాడా అనుకుంది. పన్నెండు ప్లేట్లు పోసింది. ఆరింటి మీద నాచు నీళ్ళు పూయించింది, ఆరు ఊరికే ఉంచింది. జెల్లీది తప్పయితే అన్నింటికీ గుంటలు పడాలి. పురుగులదైతే పూసినవాటికే పడాలి. చిన్న పిల్లకైనా అర్థమయ్యే లెక్క.

చిక్కల్లా సమయంతోనే వచ్చింది. సంజాయిషీకి మిగిలింది ఐదు రోజులు. చల్లటి బీరువాలో ఆ పురుగులు తీరిగ్గా, పెళ్ళివారిలా, మూడు వారాలు కూర్చుని తింటాయి. గడువు పెంచమని అడిగితే "రూలు రూలే" అన్నాడు ఆఫీసరు. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. కుళాయి నీళ్ళ పురుగులు వెచ్చటి పెట్టెలో రెండు రోజుల్లో పెరుగుతాయి కదా, వీటిని కూడా అందులో పెడితే? ఆ ల్యాబులో ఎవరికైనా తొందరైతే మొదట తెరిచేది వెచ్చటి పెట్టె తలుపునే. ఇరవై రెండేళ్ళ అలవాటు అది.

"వెచ్చగా పెడితే త్వరగా తింటాయా బాబాయ్?"

"ఉండొచ్చు."

సగం ప్లేట్లు చల్లటి బీరువాలో వదిలి, సగం వెచ్చటి పెట్టెలో పెట్టింది. ఐదో రోజు పొద్దున పెట్టె తెరిచింది. ఊరికే ఉంచినవి అద్దంలా ఉన్నాయి. పూసినవి కూడా అద్దంలా ఉన్నాయి. ఒకటి రెండు మామూలు చుక్కలు తప్ప, సూదిమొనంత గుంట కూడా లేదు. ఆమె ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూస్తుండగా వెనక నుంచి ఆఫీసరు వచ్చాడు.

"ఇదిగో, ఇదే నేను మొదట్నుంచీ చెప్పేది. మనసు పెట్టి పోస్తే ఎంత బాగా వచ్చాయో చూడు!"

తన నిర్దోషిత్వానికి సాక్ష్యమని తాను తెచ్చుకున్న ప్లేట్లే తన మీద సాక్ష్యం చెప్పాయి. ఆయన మాత్రం చాలా మంచిగా మాట్లాడాడు. కాగితం తనే తెప్పించాడు, మాటలు తనే చెప్పాడు. నా నిర్లక్ష్యం వల్ల ప్లేట్లు నాసిగా తయారైనవి, మన్నించగలరు. "ఒక్క సంతకం పెడితే ఇంతటితో పోతుంది. లేదంటే పైదాకా వెళ్తుంది, నీకే ఇబ్బంది" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ చెయ్యి తనది కానట్టే ఉంది.

పై వారం ఆమెను సీసాల గదికి పంపారు. గిన్నెలు తోమే మనిషి అన్న ఆడపడుచు మాట అలా నిజమైంది. ఇంట్లో మొగుడు ఏదైనా సరదాగా అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకునేవాడు. ఆమె రోజుకు రెండు వందల సీసాలు బ్రష్షు పెట్టి తోమేది, ఒక్కో సీసాకూ ఆఫీసరును ఒక్కో మాట తిట్టుకునేది. వాటికంటే ఎక్కువ తనను తాను తిట్టుకునేది. ఎందుకు పెట్టావే సంతకం? బుర్ర ఎక్కడ పెట్టుకున్నావే?

లావుపాటి పుస్తకం అడిగి తెచ్చుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ తనే కూడబలుక్కుంటూ చదివింది. బాబాయి చదివిన పేజీకి వెనక పేజీలోనే ఉంది. చల్లటి సముద్రాల పురుగులకు చలిలోనే చాకచక్యం. మన ఒంటి వేడిలో, అంటే వెచ్చటి పెట్టెలో ఉండే వేడిలో, పెడితే కొన్ని చస్తాయి, మిగతావి చేతకాక చతికిలబడతాయి. ఆమె పుస్తకాన్ని ఠప్పున మూసింది. ఒక్క పేజీ తిప్పి ఉంటే సరిపోయేది.

ఇంకో పది రోజులకు బాబాయి సీసాల గదికి వచ్చాడు. చేతిలో ఆరు ప్లేట్లున్నాయి, చల్లటి బీరువాలో ఆమె వదిలిపెట్టినవి.

"పడ్డాయి" అన్నాడు. ఉండొచ్చు అనలేదు.

పూసిన మూడూ గుంటలు పడి నీళ్ళు కారుతున్నాయి. ఊరికే ఉంచిన మూడూ చెక్కు చెదరలేదు. ఆమె తడి చేతులు తుడుచుకోకుండానే ఆఫీసరు గదికి వెళ్ళింది. ఆయన ప్లేట్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి నువ్వు వేలితో నొక్కలేదని ఎట్లా నమ్మాలి?" అన్నాడు.

అంత మాట! ఆమె పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చి, సీసాల గది తలుపు వేసుకుని, తనివితీరా ఏడ్చింది. ఏడుపులో బాధ తక్కువ, ఉక్రోషం ఎక్కువ.

అయితే కంపెనీ ప్లేట్లను వేలితో నొక్కడానికి ఆమె అక్కడ లేదు. మెరిసే కవర్లలో, సీళ్ళతో వచ్చాయవి. వాటి మీదా నాచు నీళ్ళు పూసి, చల్లటి బీరువాలో పెట్టి, తాళం ఆఫీసరే తన జేబులో వేసుకున్నాడు. మూడు వారాలకు తాళం తీస్తే ముప్ఫై ప్లేట్లకు ముప్ఫయ్యీ గుంటలే. ఆయన మండిపడి కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోనులో కంపెనీ ఆవిడ గొంతు గది బయటికి వినబడింది.

"దేని పురుగులు సార్ అవి?"

"సముద్రపు నాచువి."

"సార్, జెల్లీ కూడా నాచే కదా. నాచు తినేవాటికి నాచు పెట్టి, తిన్నాయని ఫిర్యాదు చేస్తున్నారా?" అని ఆవిడ నవ్వింది. ఆ గదిలోనే ఉన్న బాబాయి దగ్గు నెపంతో బయటికి వచ్చేశాడు.

ఆఫీసరు రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. మూడో రోజు తేరుకుని రిపోర్టు రాశాడు. ఒడ్డున పడిన నాచులో దాన్ని తినే పురుగులు పుష్కలంగా ఉన్నాయనీ, జెల్లీ సైతం కరిగించగల సత్తా వాటికి ఉన్నట్టు తాను కనిపెట్టాననీ రాశాడు. పైవాళ్ళు ఎంతో సంతోషించారట. వచ్చి కళ్ళారా చూస్తామన్నారట. ప్లేట్ల మీద పూయడం దగ్గర్నుంచి పరీక్ష మొత్తం వాళ్ళ కళ్ళముందే మళ్ళీ మొదలుపెట్టాలి. కంపెనీ ప్లేట్లు రావడానికి పది రోజులు పడుతుంది, వాళ్ళు వచ్చేది రేపు.

"అక్కా, ఒక నలభై పోసిపెట్టు" అన్నాడు సీసాల గది గుమ్మంలో నిలబడి, ఏమీ జరగనట్టు.

ఆమె పొడి తూచింది, కలిపింది, కుక్కర్లో ఉడికించింది. ఫ్లాస్కును గుడ్డతో పట్టుకొని బయటికి తీసి, మణికట్టుకు ఆనించి చూసింది. సరిగ్గా పోసే వేడి. అప్పుడు ప్లేట్ల దగ్గరికి కాకుండా, ఫ్లాస్కుతో నేరుగా ఆఫీసరు గదికి వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది.

"నా కాగితం వెనక్కి ఇవ్వండి సార్."

"ఏ కాగితం?"

"నిర్లక్ష్యం అని నాతో రాయించినది."

ఆయన నీళ్ళు నమిలాడు. "అది ఫైల్లో పైకి వెళ్ళిపోయిందక్కా. ఇప్పుడు దాన్ని కదపడం కుదరదు. ముందు ప్లేట్లలో పోసెయ్, చల్లారిపోతోంది."

"అయితే ఇంకో కాగితం పెట్టండి. ప్లేట్లు బాగానే ఉన్నాయి, తిన్నది పురుగులు అని రాయండి."

"రాద్దాం. వాళ్ళు వచ్చి వెళ్ళనీ."

"ఇప్పుడు రాయండి."

ఆయన బతిమాలాడు. కోప్పడ్డాడు. పై అధికారులంటే ఏమనుకుంటున్నావన్నాడు. రూలు చెప్పాడు. తన పిల్లల చదువుల సంగతి కూడా చెప్పాడు. ఆమె కదల్లేదు. అరగంట గడిచింది. ఫ్లాస్కు మీది గుడ్డ చల్లబడింది. "చూశావా, గడ్డ కట్టించేశావు! ఇప్పుడేం చేస్తావు?" అని ఆయన అరిచాడు.

ఆమె ఫ్లాస్కును ఆయన ముందు తెరిచి ఉన్న ఫైలు మీదికి చాపి, తలకిందులు చేసింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి ఎగిరాడు. ఫ్లాస్కులోంచి ఒక్క బొట్టు రాలలేదు.

"గట్టిపడలేదన్నారు కదా సార్. సరిగ్గా చూసుకుని రాయండి."

ఆమె ఫ్లాస్కును అలాగే తలకిందులుగా పట్టుకుంది. ఆయన పెన్ను తీశాడు. నాలుగు లైన్లు గీకి, సంతకం చేసి, కాగితం ఆమె వైపు తోశాడు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఆమె చదివింది. అపార్థం వల్ల ప్లేట్లు నాసివని భావించడం జరిగింది, అవి సక్రమంగానే ఉన్నట్టు తేలింది, అని ఉంది.

"ఎవరి అపార్థం సార్?"

"అందరికీ తెలిసిందే కదక్కా."

"కాగితానికి తెలియదు. సంజాయిషీలో నాతో 'నా' అని రాయించారు."

ఆయన గుమ్మం వైపు చూశాడు. గది బయట బాబాయి, మరో ఇద్దరు పని మానేసి నిలబడ్డారు. ఆఫీసరు కాగితం వెనక్కి లాక్కుని, మొదటి మాటకు ముందు అంచున మిగిలిన కాస్త ఖాళీలో, ఇరికించి ఒక అక్షరం రాశాడు. నా.

ఆమె కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఫ్లాస్కు తీసుకుని, జెల్లీ మళ్ళీ కరిగించడానికి కుక్కర్ గదికి నడిచింది.